ఊరి వ్యాపారంతో విద్యార్థి పోర్ట్‌ఫోలియో... పని ఎలా? హక్కు ఎవరిది?

విజయవాడ: డిజైన్, లలిత కళలు, మల్టీమీడియా, ఫొటోగ్రఫీ కోర్సులు చదివిన విద్యార్థికి ఉద్యోగ ముఖాముఖిలో గానీ, పై చదువుల ప్రవేశంలో గానీ తప్పక ఎదురయ్యే ప్రశ్న ‘ఇంతవరకు ఏం చేశారు?’ అన్నది. దానికి సమాధానంగా విద్యార్థి ముందుంచే, ఎంపిక చేసిన పనుల సంపుటినే పోర్ట్‌ఫోలియో అంటారు. మార్కుల పట్టిక చదువును చెబితే, పోర్ట్‌ఫోలియో చేతి పనిని, ఆలోచనా సరళిని చెబుతుంది.

జిల్లాల విద్యార్థులకు ఇక్కడే చిక్కు వస్తోంది. పెద్ద స్టూడియోలు, ప్రకటనల సంస్థలు మహానగరాల్లో ఉంటాయి. అక్కడికి వెళ్లి కొన్ని నెలలు అద్దెలు కట్టుకుంటూ పని నేర్చుకునే స్తోమత అందరికీ ఉండదు. దాంతో చాలామంది లేని కాఫీ దుకాణానికో, ఊహల్లోని చెప్పుల కంపెనీకో చిహ్నాలు గీసి సంపుటి నింపుతారు. అదే సమయంలో వారి వీధి చివరి పచ్చళ్ల కేంద్రం సరైన లేబుల్ లేకుండానే సరకు అమ్ముతూ ఉంటుంది. ఈ రెండు అవసరాలు ఒకదానికొకటి ఎదురుపడితే ఇద్దరికీ మేలు. విద్యార్థికి నిజమైన పని దొరుకుతుంది, వ్యాపారికి తన స్థాయికి తగిన రూపకల్పన అందుతుంది.

అయితే ఈ భాగస్వామ్యాలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తాయి. ‘మన కుర్రాడే కదా’ అని వ్యాపారి, ‘మన ఊరి షాపే కదా’ అని విద్యార్థి కాగితం రాసుకోరు. పని పూర్తయ్యాక ఆ బొమ్మ ఎవరిది, దాన్ని ఎవరు ఎక్కడ చూపవచ్చు, ఎవరి పేరు ఉండాలి అన్న దగ్గర తగాదా మొదలవుతుంది. విద్యార్థి తాను చేసిన పనినే చూపుకోలేని స్థితి ఒకవైపు, తరతరాల నమూనా వేరొకరి పేరుతో కనిపించి చేతివృత్తి కళాకారుడు నివ్వెరపోయే స్థితి మరోవైపు. ఈ రెండూ రాకుండా పనిని ఎలా వెతుక్కోవాలి, ఎలా చేయాలి, హక్కులను ఎలా తేల్చుకోవాలి అన్నది తెలుసుకోవడం అవసరం.

నిజమైన పనికే విలువ ఎందుకు?

తరగతి గదిలో ఇచ్చే అభ్యాసంలో ఖర్చు లెక్క ఉండదు. రంగులు ఎన్ని వాడినా అడిగేవారు ఉండరు. గడువు దాటితే మార్కులు తగ్గుతాయే తప్ప పండుగ సీజను చేజారిపోదు. దుకాణంలో అలా కుదరదు. డబ్బా మీద లేబుల్‌కు ఎంత ఖర్చవుతుంది, నూనె అంటితే అక్షరాలు చెరుగుతాయా, చదువురాని కొనుగోలుదారు మామిడికాయ పచ్చడిని, ఉసిరికాయ పచ్చడిని రంగు చూసి గుర్తుపట్టగలరా అన్న ప్రశ్నలు వరుసగా వస్తాయి. వాటికి విద్యార్థి వెతికిన జవాబులే సంపుటికి బలం.

పోర్ట్‌ఫోలియోను పరిశీలించేవారు అందమైన తుది చిత్రాన్ని మాత్రమే చూడరు. సమస్య ఏమిటి, మొదటి ఆలోచనలు ఏవి, ఏది ఎందుకు వదిలేశారు, వ్యాపారి అభ్యంతరానికి ఎలా స్పందించారు అన్నవీ చూస్తారు. మూడుసార్లు తిరస్కరణకు గురై నాలుగోసారి అంగీకారం పొందిన చిన్న లేబుల్ కూడా విద్యార్థి పరిణతిని చక్కగా చెప్పగలదు.

చదువులో దీనికి ఉన్న చోటు

స్థానిక వృత్తుల నుంచి డిజైన్ నేర్చుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. భారత ప్రభుత్వ ఆహ్వానంపై చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో సమర్పించిన ఇండియా రిపోర్ట్‌లో మన ఇళ్లలోని చెంబును గొప్ప రూపకల్పనకు ఉదాహరణగా చూపారు. ఆ నివేదిక నేపథ్యంలోనే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ (ఎన్ఐడీ) ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ఐడీ 2015లో మొదలైంది. 2019లో పార్లమెంటు చేసిన చట్ట సవరణతో దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా లభించింది. హైదరాబాద్‌లో జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) 1995 నుంచి, జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం 2008 నుంచి పనిచేస్తున్నాయి. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. నిఫ్ట్, ఎన్ఐడీ విద్యార్థులు చేనేత, హస్తకళల ఊళ్లకు వెళ్లి అక్కడి పనితీరును నమోదు చేయడం పాఠ్యక్రమంలో భాగం.

సాధారణ డిగ్రీ విద్యార్థులకూ దారి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యా సంవత్సరంలో డిగ్రీ కోర్సులను సవరించినప్పుడు పది నెలల ఇంటర్న్‌షిప్‌ను ప్రవేశపెట్టారు. నిబంధనలు ఆ తరువాత సవరణలకు లోనవుతూ వచ్చినందున తమ విశ్వవిద్యాలయంలో అమలులో ఉన్న నియమాన్ని విద్యార్థి కళాశాలలోనే అడిగి తెలుసుకోవాలి. జాతీయ విద్యా విధానం 2020 కూడా 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర గడపాలని సూచించింది. బడి దశలోనే బీజం పడాలన్నది దాని ఉద్దేశం.

కృష్ణా తీరంలో ఏ ఊరు... ఏ పని

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు జిల్లాలుగా ఉన్న ఈ ప్రాంతంలో ఒక్క పూట బస్సు ప్రయాణంలో చేరుకోగల ఊళ్లలోనే అనేక వృత్తులు ఉన్నాయి. ఒక్కోచోట నేర్చుకునే పాఠం ఒక్కోటి.

విజయవాడ ముద్రణాలయాలు: పుస్తక ప్రచురణకు పేరుపడిన నగరం ఇది. ఆఫ్‌సెట్ ప్రెస్‌లో నెల రోజులు కూర్చున్న విద్యార్థికి తెరపై మెరిసే రంగు కాగితంపై ఎందుకు మసకబారుతుందో అర్థమవుతుంది. తెరపై రంగులు వెలుగు కలయికతో ఏర్పడితే, ముద్రణలో నీలి, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో ఏర్పడతాయి. కత్తిరింపు కోసం అంచున మూడు మిల్లీమీటర్లు అదనంగా వదలడం, ఫొటో స్పష్టత అంగుళానికి 300 చుక్కలు ఉండేలా చూడడం వంటివి అక్కడ ప్రతిరోజూ చేసే పనులు. మరో ముఖ్య పాఠం తెలుగు అక్షరానిది. చాలా ప్రెస్‌లలో ఇప్పటికీ అను ఫాంట్లు వాడుకలో ఉన్నాయి. అవి యూనికోడ్ కాకపోవడంతో ఫోన్‌లో టైపు చేసి పంపిన శుభలేఖ పాఠ్యం నేరుగా కుదరదు, మార్పిడిలో ఒత్తులు, గుణింతాలు తప్పుతాయి. ఆ తప్పులను పట్టుకోగల విద్యార్థి ప్రెస్ యజమానికి మొదటి రోజు నుంచే పనికొస్తాడు. మండలి, మల్లన్న, రామభద్ర, గురజాడ వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో లభిస్తున్నాయి.

పెడన కలంకారీ: మచిలీపట్నం కలంకారీగా పేరొందిన అద్దకానికి నేడు పెడన ముఖ్య కేంద్రం. కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన నూలు వస్త్రంపై టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణం నలుపును, పటిక ఎరుపును పట్టిస్తాయి. తరువాత పారే నీటిలో ఉతకడం, రంగు చెక్కలతో ఉడికించడం ఉంటాయి. రంగు పెరిగితే అచ్చు పెరుగుతుంది, అచ్చు పెరిగితే చెక్కేవారి కూలి, అద్దేవారి సమయం పెరుగుతాయి. కంప్యూటర్ మీద పన్నెండు రంగులతో గీసిన పువ్వును మూడు రంగుల్లోకి కుదించడం ఇక్కడ విద్యార్థికి మొదటి పరీక్ష. సహజ రంగులతో అచ్చు అద్దకం ఏది, రసాయన రంగులతో స్క్రీన్ ముద్రణ ఏది అన్న తేడా గుర్తించడం రెండో పరీక్ష. ఆ తేడాను కొనుగోలుదారుకు తెలిపే చిన్న చీటీ రూపొందించడం కూడా మంచి ప్రాజెక్టే.

కొండపల్లి బొమ్మలు: తేలికైన తెల్ల పొణికి కర్రతో విడి భాగాలు చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆపై రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి వంటివి ప్రసిద్ధం. బొమ్మల కొలువు పెట్టే సంక్రాంతి రోజుల్లో గిరాకీ ఎక్కువ. ఇక్కడ విద్యార్థి చేయదగిన పని కొత్త బొమ్మ గీయడమే కానక్కర్లేదు. ఈ బొమ్మలు తేలిక, ఏనుగు తొండం, గొడుగు కర్ర వంటి సన్నని భాగాలు ప్రయాణంలో విరుగుతాయి. దూరపు ఊళ్లకు చెక్కుచెదరకుండా చేరేలా అట్టపెట్టె రూపొందించడం కళాకారుడి ఆదాయాన్ని నేరుగా తాకే పని.

మంగళగిరి చేనేత: గుంటమగ్గంపై నేసే, సాదా ఒడలికి జరీ అంచు కలిగిన నూలు చీరలకు ఈ ఊరు పేరు. మగ్గంపై పడుగు ఒకసారి ఎక్కించాక అనేక చీరలు వరుసగా నేస్తారు. కనుక పడుగు రంగు మధ్యలో మార్చడం కుదరదు, పేక రంగు మార్చుకోవచ్చు. ఒకే పడుగు మీద ఎన్ని రంగుల మేళవింపులు సాధ్యమో పట్టికగా తయారు చేసి ఇవ్వడం మాస్టర్ వీవర్‌కు ఉపయోగపడుతుంది. విద్యార్థి సంపుటిలో రంగుల పరిజ్ఞానానికి అది నిదర్శనంగా నిలుస్తుంది.

తెనాలి, మచిలీపట్నం: విగ్రహాల తయారీకి, ఇనుప తుక్కుతో భారీ రూపాలు మలచడానికి తెనాలి శిల్పులు పేరుగాంచారు. శిల్పం, త్రీడీ మోడలింగ్ చదివేవారికి అక్కడ నిష్పత్తులు, బరువు, ఆధారం గురించిన పాఠాలు దొరుకుతాయి. మచిలీపట్నంలో రోల్డ్‌గోల్డ్ నగల తయారీ పలు కుటుంబాలకు జీవనాధారం. చిన్న నగలను మెరుపు చెదరకుండా ఫొటో తీయడం, ధరల పుస్తకం కూర్చడం ఫొటోగ్రఫీ విద్యార్థులకు తగిన పనులు.

లేబుల్ అంటే బొమ్మ ఒక్కటే కాదు

పచ్చళ్లు, పొడులు, పిండివంటల తయారీదారులు జిల్లాలో ఊరూరా ఉన్నారు. వారికి లేబుల్ గీసే విద్యార్థి నిబంధనలు తెలుసుకోకపోతే నష్టపోయేది వ్యాపారి. ప్యాక్ చేసిన ఆహారంపై పదార్థం పేరు, దినుసుల జాబితా, నికర పరిమాణం, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలన్న వివరం, తయారీదారు చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ సంఖ్య, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ చిల్లర ధర వంటివి ఉండాలి. శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ వృత్తం గుర్తు. మాంసాహార గుర్తును 2020 నాటి లేబులింగ్ నిబంధనల్లో గోధుమ రంగు చదరంలో అదే రంగు త్రిభుజంగా మార్చారు. రొయ్యల పచ్చడికి పాత వృత్తం గుర్తు పెట్టి వేల లేబుళ్లు అచ్చు వేయిస్తే ఆ ఖర్చంతా వృథా. అందుకే ముద్రణకు ముందు పాఠ్యాన్ని వ్యాపారి చేత చదివించి, సంతకం తీసుకోవడం ఇద్దరికీ రక్షణ.

ఎలా అడగాలి?

‘నాకు ప్రాజెక్టు కావాలి’ అని దుకాణంలోకి వెళ్తే సాధారణంగా వచ్చే జవాబు ‘తరువాత రా బాబూ’. ముందుగా రెండు మూడు రోజులు కొనుగోలుదారుగా గమనించి, ఒక చిన్న సమస్యను గుర్తించి వెళ్లడం మేలు. బోర్డు రాత్రి వేళ కనబడటం లేదనో, ధరల పట్టిక చదవడం కష్టంగా ఉందనో, సరకు ఫొటోలు వాట్సాప్‌లో మసకగా ఉన్నాయనో మర్యాదగా చెప్పి, ఒక నమూనా చేతిలో పెడితే మాట సాగుతుంది. గిరాకీ ఎక్కువగా ఉండే సాయంత్రాలు, పండుగ ముందు రోజులు కాకుండా యజమానికి తీరిక ఉన్న వేళ చూసుకోవాలి. కళాశాల నుంచి పరిచయ పత్రం వెంట ఉంటే నమ్మకం కుదురుతుంది.

మొదటి పని చిన్నదిగా, రెండు మూడు వారాల్లో ముగిసేదిగా ఉండాలి. దుకాణం రూపురేఖలన్నీ మార్చేస్తామని మాట ఇచ్చి పరీక్షలు రాగానే మాయమయ్యే విద్యార్థి వల్ల తరువాత వచ్చేవారికీ తలుపులు మూసుకుపోతాయి.

ఉచితంగా చేయాలా?

అనుభవం కోసం మొదటి పని ఉచితంగా చేయడం చాలామంది అనుసరించే పద్ధతే. అయితే ఉచితానికీ హద్దు ఉండాలి. కాగితం, రంగులు, ప్రయాణం, నమూనా ముద్రణ ఖర్చులు వ్యాపారి భరించడం కనీస న్యాయం. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో ముందే చెప్పాలి. రెండు లేదా మూడుసార్లు అనే నియమం పెట్టుకుంటే పని సాగదీతకు గురికాదు. వ్యాపారం ఆ పనితో నేరుగా లాభం పొందుతున్నప్పుడు రెండో పని నుంచి ప్రతిఫలం అడగడం తప్పు కాదు. విద్యార్థుల ఉచిత శ్రమ అలవాటుగా మారితే, అదే పనితో పొట్ట పోసుకుంటున్న ఊరి ఆర్టిస్టులు, ఫొటోగ్రాఫర్ల ఉపాధికి గండి పడుతుంది. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాసే పెయింటర్లు పని కోల్పోయిన తీరు పట్టణాల్లో అందరికీ తెలిసిందే. వీలైతే అలాంటి పెయింటర్‌ను కూడా ప్రాజెక్టులో కలుపుకొని, ఆయన చేతిరాతకు ప్రతిఫలం ఇప్పించి, పేరు ప్రకటించడం మంచి సంప్రదాయం.

హక్కు ఎవరిది? చట్టం ఏం చెబుతోంది

కాపీరైట్ చట్టం 1957 ప్రకారం చిత్రానికి, రాతకు సాధారణంగా తొలి యజమాని దాన్ని సృష్టించిన వ్యక్తే. దీనికి ముఖ్యమైన మినహాయింపులు ఉన్నాయి. ఒకరు కోరి, ప్రతిఫలం చెల్లించి తీయించుకున్న ఫొటో, వేయించుకున్న పెయింటింగ్, నిర్మింపజేసుకున్న చలనచిత్రం విషయంలో వేరే ఒప్పందం లేకపోతే తొలి హక్కు చెల్లించినవారిదే అని 17వ సెక్షన్ చెబుతోంది. ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన పనిపై హక్కు యజమానికి చెందుతుంది. అంటే డబ్బు తీసుకుని దుకాణం సరకు ఫొటోలు తీసిన విద్యార్థి, వాటిని తన సంపుటిలో చూపుకోవడానికి అనుమతిని ముందే రాయించుకోవాలి.

హక్కును వేరొకరికి బదిలీ చేయాలంటే అది రాతపూర్వకంగా, బదిలీ చేసేవారి సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ నిర్దేశిస్తోంది. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా భావిస్తారు. దుకాణం చిహ్నాన్ని వ్యాపారి ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోదలిస్తే ఈ కాగితం ఆయనకూ అవసరమే. నోటిమాటతో చేయించుకున్న చిహ్నంపై వ్యాపారికి కూడా పూర్తి భద్రత ఉండదు. హక్కు బదిలీ అయినా, ఆ పని తనదేనని చెప్పుకునే హక్కు, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు సృష్టికర్తకు మిగిలే ఉంటాయని 57వ సెక్షన్ స్పష్టం చేస్తోంది.

వస్త్రం, నగ, బొమ్మ వంటి వస్తువులపై వేసే నమూనాల విషయంలో మరో మెలిక ఉంది. డిజైన్ల చట్టం 2000 కింద నమోదు చేయదగిన నమూనాను నమోదు చేయకుండా, హక్కుదారు గానీ ఆయన అనుమతితో మరొకరు గానీ దాన్ని వాడి పారిశ్రామిక పద్ధతిలో 50 కన్నా ఎక్కువ వస్తువులు తయారు చేస్తే, ఆ నమూనాపై కాపీరైట్ ముగిసిపోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. నమోదు చేయిస్తే పదేళ్లు, పొడిగింపుతో మరో ఐదేళ్లు రక్షణ లభిస్తుంది. అయితే నమూనా కొత్తదై ఉండాలి. దరఖాస్తుకు ముందే ఇన్‌స్టాగ్రామ్‌లోనో, బిహాన్స్‌లోనో పెట్టేస్తే కొత్తదనం పోయినట్లే. నమోదు చేయించే ఉద్దేశం ఉంటే, ఆ పని పూర్తయ్యేవరకు బయట చూపకూడదు.

ఒప్పందాల చట్టం 1872 ప్రకారం 18 ఏళ్లు నిండనివారు ఒప్పందం చేసుకోలేరు. ఇంటర్, పాలిటెక్నిక్ విద్యార్థుల్లో చాలామంది ఈ వయసులోపే ఉంటారు కనుక తల్లిదండ్రులను, కళాశాలను ముందుంచుకుని మాట్లాడుకోవాలి. సందేహాలు ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. మహిళలు, బాలలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, నిర్ణీత ఆదాయం లోపువారు తదితరులకు 1987 నాటి చట్టం కింద అక్కడ ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

కళాకారుడి నమూనా విద్యార్థిది కాదు

చేతివృత్తుల ఊళ్లలో జాగ్రత్త మరింత అవసరం. అచ్చుల గదిలో వందలాది టేకు అచ్చులు ఉంటాయి. వాటిని ఫొటో తీసి, కంప్యూటర్‌లో శుభ్రపరిచి, తన నమూనాగా సంపుటిలో పెట్టుకోవడం తేలిక. ఆ పని చేసిన విద్యార్థి తన నిజాయతీతో పాటు, తరువాత వచ్చే విద్యార్థుల పట్ల ఆ ఊరి నమ్మకాన్నీ పోగొడతాడు. ఫొటో తీసే ముందు అనుమతి అడగాలి, ఎక్కడ వాడతారో చెప్పాలి. అచ్చు చెక్కినవారు, అద్దినవారు, నేసినవారు అంగీకరిస్తే వారి పేర్లు ప్రాజెక్టు పక్కనే రాయాలి. వారి పాతదాని నుంచి తీసుకున్నది ఏది, తాను కొత్తగా చేర్చింది ఏది అన్నది విడివిడిగా చూపాలి.

వస్తువుల భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలవుతోంది. కొండపల్లి బొమ్మలు, మచిలీపట్నం కలంకారీ, మంగళగిరి చీరలు, వస్త్రాలు ఈ గుర్తింపు పొందినవే. యంత్రంపై చేసిన బొమ్మకో, మిల్లు వస్త్రంపై ముద్రించిన నమూనాకో ఆ పేర్లు తగిలించి లేబుల్ గీయడం చట్టరీత్యా ఉల్లంఘన కాగలదు. వ్యాపారి కోరినా విద్యార్థి ఒప్పుకోకూడదు.

ఒప్పంద పత్రంలో ఏముండాలి?

పెద్ద దస్తావేజు అవసరం లేదు. సులభమైన తెలుగులో ఒక పేజీ చాలు. ఇద్దరూ సంతకం చేసి చెరో ప్రతి ఉంచుకోవాలి. పెద్ద మొత్తం ముడిపడిన పని అయితే న్యాయవాది సలహా తీసుకోవడం మంచిది. పత్రంలో ఈ వివరాలు ఉండాలి.

* చేయవలసిన పని ఏమిటి, ఎన్ని నమూనాలు ఇవ్వాలి, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు.
* ప్రారంభ, ముగింపు తేదీలు. పరీక్షల రోజులకు మినహాయింపు.
* ప్రతిఫలం ఎంత, ఎప్పుడు. ఉచితమైతే ఖర్చులు ఎవరివి.
* తుది రూపంపై హక్కు ఎవరిది, ఎంతకాలం, ఏ వస్తువులకు.
* వ్యాపారి ఎంచుకోని నమూనాలు ఎవరికి చెందుతాయి.
* విద్యార్థి తన పోర్ట్‌ఫోలియోలో ఎప్పటి నుంచి, ఏయే భాగాలు చూపవచ్చు. ధరలు, కొనుగోలుదారుల వివరాలు వంటి గోప్యమైనవి ఏవి.
* విద్యార్థి పేరు, చేతివృత్తి కళాకారుల పేర్లు ఎక్కడ ఉండాలి.
* వాడిన ఫాంట్లు, ఫొటోలు, కృత్రిమ మేధతో తయారైన చిత్రాలు ఏవైనా ఉంటే వాటి వివరాలు.
* పని మధ్యలో ఆగిపోతే చెల్లింపు, నమూనాల సంగతి.

ఎంచుకోని నమూనాల అంశాన్ని చాలామంది మరచిపోతారు. ఐదు నమూనాలు చూపితే వ్యాపారి ఒకటి తీసుకుంటారు. మిగిలిన నాలుగు రాతపూర్వకంగా విద్యార్థివే అయితే, వాటిని మెరుగుపరచి మరోచోట వాడుకోవచ్చు.

సంపుటి కూర్పు ఇలా

పని జరుగుతున్నప్పుడే నమోదు చేయాలి. చివర్లో జ్ఞాపకం మీద రాసుకుంటే సగం పోతుంది. తొలి చిత్తుగీతలను పారేయకుండా తేదీ వేసి దాచాలి. వ్యాపారి చెప్పిన అభ్యంతరాలు ఆయన మాటల్లోనే రాసుకోవాలి. తయారైన వస్తువును వాడుకలో ఉన్నచోట, అంటే దుకాణం అరలో, బోర్డు కింద, కొనుగోలుదారు చేతిలో అనుమతితో ఫొటో తీయాలి.

సంపుటిలో పెట్టేటప్పుడు సంఖ్య కన్నా ఎంపిక ముఖ్యం. ఒక్కో ప్రాజెక్టుకు సమస్య, పరిమితులు, ప్రయత్నాలు, తుది రూపం, ఫలితం అనే వరుస పాటిస్తే చూసేవారికి తేలికగా బోధపడుతుంది. బృందంగా చేసిన పనిలో తన వాటా ఎంతో స్పష్టంగా చెప్పాలి. ఫలితం గురించి అతిశయోక్తి తగదు. కొత్త లేబుల్ వచ్చాక అమ్మకాలు పెరిగాయని వ్యాపారి లెక్క చూపి చెబితేనే రాయాలి. లేకపోతే ‘ముద్రణ ఖర్చు తగ్గింది’, ‘విరిగిన బొమ్మల ఫిర్యాదు రాలేదు’ వంటి కళ్ల ముందు కనిపించే మార్పును చెప్పడం చాలు. విఫలమైన ఒక పనిని కూడా కారణాలతో సహా చేర్చడానికి సంకోచించనక్కర్లేదు.

పని ముగిసిన ఆరు నెలలకు ఒకసారి దుకాణానికి వెళ్లి చూడడం మంచి అలవాటు. లేబుల్ ఇంకా వాడుతున్నారా, రంగు వెలిసిందా, వ్యాపారి సొంతంగా ఏం మార్చుకున్నారు అన్న వివరాలు సంపుటికి చివరి పేజీ అవుతాయి. పెడనలో మూడు రంగులకు కుదించిన పువ్వు ఇంకా అద్దకంలో ఉంటే, కొండపల్లి పెట్టెలో ఏనుగు తొండం విరగకుండా చేరుతుంటే, విద్యార్థి వద్ద ఉన్న కాగితంపై ఆ పని ఎవరిదో రాసి ఉంటే, ముఖాముఖిలో ‘ఇంతవరకు ఏం చేశారు?’ అన్న ప్రశ్నకు తడుముకోవలసిన అవసరం ఉండదు.